యాక్టివేటర్ అంటే వెలిగారమే

సంపాదకులకు నమస్కారం.

నలభై ఏళ్లుగా ప్రొద్దుటూరులో బంగారు పని చేస్తున్నాను. దసరా సెలవులకు వచ్చిన మా మనవరాలు, మూడో తరగతి, ఫోన్లో చూసి స్లైమ్, అదే సాగే జిగురు ముద్ద, చేస్తానని కూర్చుంది. గమ్ సీసా, ఫుడ్ కలర్, స్టీలు గిన్నె, ఫ్యాన్సీ కొట్లో కొన్న ఇంకో చిన్న సీసా. దాని మీద ‘యాక్టివేటర్’ అని ఇంగ్లిషులో ఉంది, అంతే. అందులోది కొంచెం కొంచెంగా పోసి కలిపితే జిగురంతా ముద్దకట్టి గిన్నెను వదిలేసింది. లాగితే మూరెడు సాగింది. అబద్ధమెందుకు, నాకూ ముచ్చటేసింది.

మూడో రోజుకి పాప వేళ్ల కొసల్లో చర్మం పొరలు లేచింది. అప్పుడు సీసా ఎత్తి చూస్తే అడుగున పటికబెల్లంలా తెల్లటి పలుకులు. నాకు అనుమానం వచ్చింది. రెండు పలుకులు ఇనుప గరిటెలో వేసి మంట చూపించాను. ముందు పేలాల్లా పొంగాయి, తర్వాత కరిగి గాజుబొట్టులా గరిటెకు అంటుకున్నాయి. ఇంకేముంది, వెలిగారం! నగకు అతుకు పెట్టేముందు రాతి మీద నీళ్లతో అరగదీసి రోజూ రాసేది అదే. కొట్లో దాన్ని పై అరలో పెడతాను, పని అయ్యాక చేతులు కడుక్కోందే టీ గ్లాసు ముట్టుకోను. ఇంట్లో పాప అదే కలిసిన ముద్దను పిసికి, ఆ చేత్తోనే చేగోడీలు తింటోంది.

చిన్నప్పుడు నోరు పూస్తే మా అమ్మ పొంగించిన వెలిగారం తేనెలో రంగరించి పెట్టేది. ఇప్పుడు డాక్టర్లు వద్దంటారు, కడుపులోకి పోతే వాంతులు, విరేచనాలు అవుతాయి. ఐరోపాలో స్లైమ్ లాంటి జిగట బొమ్మల్లోంచి దిగే బోరాన్ (వెలిగారంలో ఉండే మూలకం) కిలోకు 300 మిల్లీగ్రాములు మించకూడదని నియమం ఉందని మా అమ్మాయి చదివి చెప్పింది. మిల్లీగ్రాములు తూచడం మా వృత్తి కాబట్టి అదెంత తక్కువో నాకు తెలుసు. మన దగ్గరా బొమ్మలకు 2021 జనవరి నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. ఈ సీసా మీద ఆ గుర్తూ లేదు, లోపల ఏముందో ఒక్క ముక్కా లేదు. ఇంగ్లిషు పేరు బోరాక్స్ అని రాసినా మా ఆవిడకు అర్థం కాదు. వెలిగారం అని తెలుగులో నాలుగక్షరాలు వేస్తే ఏ అమ్మమ్మయినా పట్టుకుంటుంది. అధికారులు ఆ పని చేయించాలి.

పిల్లల సరదా మాన్పించమని నేననను. ఒక చెంచా ఇసబ్‌గోల్ గ్లాసుడు నీళ్లలో కలిపి, సన్న సెగ మీద తిప్పుతూ చిక్కబడేదాకా ఉడికించి, బాగా చల్లారనిచ్చి ఇచ్చాను. పాప గిన్నె వంచి చూసి, “ఇది సాగట్లేదు తాతా, వణుకుతోంది” అంది. అయినా సాయంత్రం దాకా వదల్లేదు. దుప్పటికి అంటుకున్న పాత స్లైమ్ మాత్రం వెనిగర్‌లో నానబెడితే గానీ వదల్లేదు.

— ఒక స్వర్ణకారుడు, ప్రొద్దుటూరు