వార్షిక నివేదిక: కుక్కలతో బందరు ప్రయాణం

గౌరవ సభ్యులకు నమస్కారం.

ముందు మిగతా పనులు చెప్పేస్తాను. సెప్టెంబర్ 28న, ప్రపంచ రేబిస్ దినం నాడు, కాలనీ పార్కులో పెంపుడు కుక్కలకూ వీధి కుక్కలకూ టీకాలు వేయించాం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన వీధి కుక్కలను తిరిగి మన గల్లీల్లోనే వదిలేలా దగ్గరుండి చూశాం. ఎండాకాలమంతా గేటు బయట నీళ్ల తొట్టి నింపిన ప్రతి ఇంటికీ కృతజ్ఞతలు. జమాఖర్చుల కాగితం నోటీసు బోర్డు మీద ఉంది.

ఇక డిసెంబర్‌లో వెళ్లిన బందరు క్యాంపు. కుక్కను ఇంటికి తెచ్చుకున్నాక ఊరు దాటని సభ్యులు మనలో చాలామంది ఉన్నారు. దగ్గరివాళ్ల పెళ్లయినా సరే, ఒకరు ఇంట్లో ఆగాల్సిందే. వాళ్లను కుక్కలతో సహా సముద్రం దాకా తీసుకెళ్లాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాం. 9 కుటుంబాలు, 11 కుక్కలు బయల్దేరాం. అందులో 7 మన వీధుల్లో పుట్టినవే.

మాట్లాడుకున్న మినీ బస్సు తెల్లవారుజామున వచ్చింది కానీ, కుక్కలను చూడగానే డ్రైవర్ కుదరదన్నాడు. ముందే చెప్పామని ఎంత బతిమాలినా వినలేదు. టెన్షన్ పడ్డాం, చివరికి సొంత కార్లు తీశాం. 65వ నంబర్ జాతీయ రహదారి సూర్యాపేట, విజయవాడ మీదుగా వెళ్లి బందరులోనే ముగుస్తుంది కాబట్టి దారి గురించి బెంగ లేదు. పొద్దున వాటికి తిండి తగ్గించి, రెండు గంటలకోసారి దింపి నడిపించాం.

మంగినపూడి దగ్గర తెలిసినవాళ్ల సరుగుడు తోటలో టెంట్లు వేసుకున్నాం. అక్కడ ఇసుక కన్నా నల్లమట్టి ఎక్కువ. అది కాలివేళ్ల మధ్య గట్టిగా పట్టేస్తుంది, రాత్రి గోరువెచ్చటి నీళ్లతో కడగడమే పెద్ద పని. మొదటి సాయంత్రం చిట్టి అనే కుక్క ఆబగా సముద్రపు నీళ్లు తాగి రాత్రంతా వాంతులు చేసుకుంది. ఉప్పునీళ్లు కుక్కలకు మంచివి కావు. మర్నాటి నుంచి ఒడ్డుకు వెళ్లేముందే మంచినీళ్లు పట్టాం, మళ్లీ ఆ సమస్య రాలేదు.

ఊరు చూడటం మాత్రం వంతులేసుకుని చూశాం. సగం మంది లోపలికి, సగం మంది బయట చెట్టు కింద కుక్కలతో. చిలకలపూడి పాండురంగస్వామి గుడి దగ్గర అంతే, డచ్చివాళ్ల సమాధుల దగ్గరా అంతే. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో ఇక్కడ వ్యాపారానికి దిగారు. 1864 తుపానులో సుమారు 30 వేల మంది చనిపోయిన ఊరు ఇది. సమాధి రాళ్ల మీద చెక్కిన రాతలు, చిహ్నాలు చూసుకుంటూ వెళ్లిన మొదటి వంతు గంట దాకా బయటికి రాలేదు. బయట ఉన్నవాళ్లకు విసుగు పుడుతుందని భయపడ్డాను. ఈలోగా పక్కవీధి పిల్లలు కుక్కల చుట్టూ చేరి కబుర్లు మొదలుపెట్టారు. లడ్డు ఏ కొట్లో బాగుంటుందో చెప్పింది వాళ్లే. ఆ తొక్కుడు లడ్డు మాత్రం కుక్కలకు పెట్టనివ్వలేదు. తీపి, నెయ్యి వాటికి పడవు.

పెడనలో కలంకారీ పని చూడటం నాకు అన్నిటికన్నా నచ్చింది. కరక్కాయ నీళ్లలో నానబెట్టిన బట్ట మీద చెక్క అచ్చులు ఒక్కొక్కటీ అద్దుతారు. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి ఊరబెడితే నలుపు వస్తుంది. పటిక అద్దిన చోట ఎరుపు పడుతుంది. ఆరేసిన బట్టల మీద ఒక్క పాదం పడినా ఆ కష్టమంతా పోతుంది కదా, అందుకని అక్కడికి కుక్కలను అసలు తీసుకెళ్లలేదు.

వచ్చే ఏడాది కూడా డిసెంబర్‌లోనే వెళదామని కమిటీ అభిప్రాయం. జనవరి నుంచి మార్చి వరకు కృష్ణా తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. కుక్కలు ఆ గూళ్లు తవ్వేస్తాయి. ఆ నెలల్లో క్యాంపు పెట్టమని ఎవరడిగినా నేను ఒప్పుకోను. రావాలనుకునేవారు టీకా కార్డు నకలు దసరాలోపు ఇవ్వండి. బండి మాత్రం ఈసారి కుక్కలను డ్రైవర్‌కు ముందు రోజే చూపించి మాట్లాడతాం.

ఇట్లు,
కార్యదర్శి