డెస్క్‌టాప్ నిండా ఐకాన్లెందుకు?

సంపాదకులకు,

రూ.300 దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే రోజు కూడా తిరుపతి నెట్ సెంటర్లలో ‘టీటీడీ’ అని గూగుల్‌లో వెతికే ఆపరేటర్లు ఉన్నారు. నకిలీ సైట్లు తగిలేది అక్కడే. అసలు సైటును ఒకసారి స్టార్ట్ మెనూలోకి ఎక్కించుకుంటే ఈ ప్రమాదమే ఉండదు.

డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి, న్యూలో షార్ట్‌కట్ (సైటును, ఫైలును నేరుగా తెరిచే ఐకాన్) ఎంచుకుని, చిరునామా కొట్టి, చిన్న పేరు పెట్టండి. తర్వాత విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఇంగ్లీషులో షెల్, కోలన్, ప్రోగ్రామ్స్ అని ఖాళీ లేకుండా టైప్ చేయండి. తెరుచుకున్న ఫోల్డర్‌లోకి ఆ షార్ట్‌కట్‌ను మార్చండి. ఇక స్టార్ట్ నొక్కి ఆ పేరులోని రెండు మూడు అక్షరాలు కొడితే చాలు. టీటీడీ సైటు చిరునామా 2024లో మారింది కనుక పాత షార్ట్‌కట్లుంటే తీసేయండి.

ఆ పెట్టెలోనే ప్రోగ్రామ్స్‌కు బదులు సెండ్‌టు అని కొడితే మరో ఫోల్డర్ వస్తుంది. డీటీపీ వాళ్లకు ఇంతకన్నా పనికొచ్చేది లేదు. ఫొటోషాప్, పేజ్‌మేకర్ షార్ట్‌కట్లు అందులో వేస్తే, ఫైలు మీద రైట్ క్లిక్ చేసి సెండ్ టు ద్వారా నేరుగా వాటిలో తెరవొచ్చు. విండోస్ 11లో సెండ్ టు వెంటనే కనపడదు. షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే పాత మెనూ వస్తుంది.

షార్ట్‌కట్‌ను కీబోర్డుతోనే తెరవాలంటే, దాని ప్రాపర్టీస్‌లో ‘షార్ట్‌కట్ కీ’ గడిలో ఒక అక్షరం నొక్కితే కంట్రోల్, ఆల్ట్ దానికి తామే చేరతాయి. ఇది పనిచేయడం లేదని చాలామంది వదిలేస్తారు. షార్ట్‌కట్ డెస్క్‌టాప్ మీద గానీ స్టార్ట్ మెనూలో గానీ ఉంటేనే ఆ కీ పలుకుతుంది. డి డ్రైవ్‌లో దాచిన షార్ట్‌కట్‌కు పలకదు. 4 అంకెను మాత్రం ఇవ్వకండి. ఇంగ్లీష్ ఇండియా కీబోర్డులో కంట్రోల్, ఆల్ట్, 4 కలిస్తే రూపాయి గుర్తు పడుతుంది, బిల్లులు కొట్టేవాళ్లకు అది కావాలి. టాస్క్‌బార్‌కు పిన్ చేసినవాటికి ఈ తంటా లేదు. విండోస్ కీతో 1 నొక్కితే మొదటిది, 2 నొక్కితే రెండోది తెరుచుకుంటుంది.

పెన్‌డ్రైవ్‌లోని ఫోల్డర్‌కు చేసిన షార్ట్‌కట్ మరుసటి రోజు తెరుచుకోకపోతే విండోస్ దానికిచ్చిన డ్రైవ్ అక్షరం మారి ఉండొచ్చు. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దానికి పి వంటి, చివరి వైపు అక్షరం ఒకటి కేటాయించండి.

అన్నిటికన్నా బాధ కలిగించేది, కస్టమర్ల సర్టిఫికెట్లు, పెళ్లి పత్రికల ఫైళ్లు డెస్క్‌టాప్ మీదే వదిలేయడం. డెస్క్‌టాప్ మామూలుగా సి డ్రైవ్‌లోని ఫోల్డరే. విండోస్ పాడై సి డ్రైవ్ ఫార్మాట్ చేస్తే అవన్నీ పోతాయి. అసలు ఫైళ్లు డి డ్రైవ్‌లో ఉంచి, వాటి కాపీ వేరే డిస్కులో కూడా పెట్టుకోండి. డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్లు మాత్రమే ఉండనివ్వండి.

– కంప్యూటర్ శిక్షకులు, తిరుపతి