తుపాను ఆశ్రయాల్లో బ్యాటరీ టీవీ ఉండాలి

సంపాదకుడు గారికి,

అక్టోబరు దగ్గరపడుతోంది కనుక తుపాను సన్నద్ధత సమీక్షల వార్తలు మీ జిల్లా పేజీలో వరసగా వస్తున్నాయి. పడవలు, బియ్యం, చెట్లు కోసే రంపాలు, జనరేటర్లు అన్నీ ఆ జాబితాల్లో ఉన్నాయి. గాలి ఆగాక జనానికి కబురు ఎలా అందుతుందన్న మాట మాత్రం ఎక్కడా కనబడలేదు. సోంపేట మండలంలో పుట్టి, ఇప్పటికీ అక్కడే కొబ్బరితోటను నమ్ముకుని ఉన్నదాన్ని కాబట్టి ఆ విషయమే రాస్తున్నాను. ఇందుకు కావలసిన ఉపాయాన్ని మా ఊరు నా చిన్నతనంలోనే కనిపెట్టింది.

1987లో దూరదర్శన్‌లో రామాయణం మొదలైన కొన్నాళ్లకు మా ఇంటికి 14 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ టీవీ వచ్చింది. కరెంటుకు సరిగ్గా ఆదివారం ఉదయమే పోవాలని బుద్ధి పుట్టేది. అయినా ఎవరూ కంగారు పడేవారు కాదు. ఆ టీవీని 12 వోల్టుల బ్యాటరీతో కూడా నడపవచ్చు. పెదనాన్న ట్రాక్టరు బ్యాటరీ విప్పి తెచ్చి, గోనెసంచి మీద పెట్టి, ఎర్ర తీగ, నల్ల తీగ చూసుకుని తగిలించేవారు. టీవీని కిటికీలో వీధివైపు తిప్పి పెడితే నాయనమ్మ, అమ్మ, పిన్ని కూడా బయటికొచ్చి అరుగు మీద కూర్చునేవారు. పిల్లలం కింద, మా వెనక జీడితోటకు వెళ్లాల్సిన కూలీలు. ఆదివారం పని రామాయణం అయ్యాకే. బ్యాటరీ సన్నగిల్లుతున్నకొద్దీ బొమ్మ నాలుగు వైపుల నుంచీ కుంచించుకుపోయేది, మేము ముందుకు జరిగేవాళ్లం. చివరికి హనుమంతుడు అరచేతిలో పట్టేంత అయ్యేవాడు. "ఆపకండర్రా, మాట వినబడుతోంది కదా" అనేది నాయనమ్మ.

ఆవిడకు హిందీ ఒక్క ముక్క రాదు. ఒడియా వచ్చు. బాబాయి యాంటెనాను బరంపురం వైపు తిప్పిన రోజు ఒడియా వార్తలు వచ్చేవి. వాటిని మాకు తెలుగులో చెప్పేది, మధ్యమధ్య తన తీర్పులు కూడా కలిపి. ఏది వార్తో, ఏది నాయనమ్మో విడదీయడం మా వల్ల అయ్యేది కాదు. శుక్రవారం చిత్రలహరి సంగతి ఎత్తితే ఈ ఉత్తరం మీ పేజీలో పట్టదు కనుక వదిలేస్తున్నాను.

ఆ బ్యాటరీ విలువ పెద్దలకు తెలిసింది 1990 మే నెల తుపాను అప్పుడు. అది తీరం దాటింది కృష్ణా జిల్లా వైపైనా, మా సముద్రం మీద కూడా ఎవరికీ నమ్మకం లేదు. వేట మానుకున్న మత్స్యకారులు వార్తల వేళకు మా అరుగు మీదికి చేరేవారు. శాంతిస్వరూప్ గారు చదువుతుంటే పెదనాన్న ఎవరినీ నోరు మెదపనిచ్చేవారు కాదు. 1983 నవంబరు 14న దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివింది ఆయనే. ఎదుట తెర మీద అక్షరాలు కదిలే సదుపాయం లేని ఆ రోజుల్లో వార్తలను కంఠతా పట్టి చదివేవారట. తుపాను ఎక్కడుంది, ఎటు కదులుతోంది, వేటకు వెళ్లవచ్చా, అంతే. ఇప్పటి చానళ్లలో గాలి కంటే చెప్పేవారి గొంతే ఎక్కువ హోరెత్తుతోంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి ఏమయ్యాయో మీ పాఠకులకు మళ్లీ చెప్పక్కర్లేదు. అప్పటికి మా ఇంట్లో గోడంత టీవీ, మనిషికో ఫోను ఉన్నాయి. స్తంభాలు ఒరిగాయి, టవర్లు ఆగాయి, డాబా మీది డిష్ ఎవరి తోటలో పడిందో తెలియదు. ఏ రోడ్డు తెరిచారో, మంచినీళ్ల ట్యాంకరు ఎటు వస్తోందో, నష్టం రాసుకునే సిబ్బంది ఏ ఊళ్లో ఉన్నారో అంతా పుకారే. సిబ్బంది వచ్చారని ఎవరో అంటే, పడిపోయిన చెట్లు దాటుకుంటూ పక్క ఊరిదాకా నడిచి వట్టి చేతులతో తిరిగొచ్చిన ముసలివాళ్లు ఉన్నారు.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. ఆ తీరాన తుపాను ఆశ్రయ భవనాలు ఉన్నాయి, 2019 నుంచి గ్రామ సచివాలయాలూ ఉన్నాయి. వాటిలో 12 వోల్టులతో నడిచే ఎల్‌ఈడీ టీవీ, డీడీ ఫ్రీ డిష్ పెట్టె, సౌర పలక, బ్యాటరీ, ఒక రేడియో ఉంచాలి. ఫ్రీ డిష్‌కు నెలవారీ చందా లేదు, అందులో మన సప్తగిరి చానల్ వస్తుంది. అటకల మీది పాత టీవీలు ఇందుకు పనికిరావు, వాటికి సంకేతం పంపే పాత భూతల ప్రసార కేంద్రాలను ప్రసార భారతి దాదాపు అన్నింటినీ మూసేసింది. గాలి మొదలు కాకముందే డిష్‌ను, పలకను విప్పి లోపల పెట్టి, తగ్గాక మళ్లీ బిగించాలి. ఆ మధ్యలో రేడియో. సప్తగిరి వారు కూడా తుపాను వెళ్లిన మర్నాటి నుంచి రోజూ ఒకే వేళకు మండలాలవారీగా సమాచారం చదవాలి. లేకపోతే తెర వెలిగించి లాభం లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. వాడకుండా మూల పడేసిన బ్యాటరీ అవసరం నాటికి చచ్చి ఉంటుంది. అందుకని ఆ టీవీని రోజూ సాయంత్రం నడపాలి, వ్యవసాయ కార్యక్రమమో, క్రికెట్టో, ఏదో ఒకటి. నలుగురూ కూర్చుని చూస్తే మరీ మంచిది. మా ఊరి పంచాయతీ టీవీ చెక్క పెట్టెలో ఉండేది, తాళంచెవి ప్రెసిడెంటు గారి మొలతాడుకు. ఆయన పెళ్లికి వెళితే ఊరికి టీవీ లేనట్టే. ఈసారి బాధ్యత డ్వాక్రా సంఘాలకు ఇవ్వండి.

కలెక్టరు గారు ముందుగా కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో సముద్రానికి ఆనుకున్న ఊళ్లతో మొదలుపెట్టాలని కోరుతున్నాను. డిష్ విప్పి బిగించడానికి మా ఊరి కుర్రాళ్లు ఇద్దరు ముందుకొస్తామన్నారు. వాళ్లు బతికేదే ఆ పని మీద.

– ఒక పాఠకురాలు,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా