గైడు పుస్తకాల్లో ఇరుక్కుపోయిన ఒక మంచి హాస్య నాటకం

సంపాదకుల వారికి నమస్కారం.

డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం చదివినవాళ్లలో చాలామందికి బెర్నార్డ్ షా నాటకం 'ఆర్మ్స్ అండ్ ద మ్యాన్' అనగానే గుర్తొచ్చేవి ఒక పెద్ద వ్యాసం, నాలుగు సందర్భ వాక్యాలు, గైడు పుస్తకం. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాల్సిన నాటకాన్ని పిల్లల చేత బట్టీ పట్టిస్తున్నారంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది. సిలబస్‌లో అది ఉన్న ప్రతి కాలేజీ కనీసం ఒక్క అంకమైనా స్టేజీ మీద ఆడించాలని అడగడానికే ఈ ఉత్తరం.

తెలియనివాళ్ల కోసం కథ కొంచెం చెబుతాను. 1885 నవంబరులో సెర్బియాకీ బల్గేరియాకీ నిజంగానే యుద్ధం జరిగింది, స్లివ్నిత్సా దగ్గర సెర్బియా ఓడింది. షా తీసుకున్నది ఆ యుద్ధాన్నే. రైనా అని కలవారి అమ్మాయి, బల్గేరియా వాళ్ల పిల్ల, తనకు కాబోయే భర్త సెర్జియస్ గుర్రపు దళంతో శత్రువుల మీదికి దూకి గెలిచాడని విని అతని ఫోటో చేతిలో పెట్టుకుని మురిసిపోతూ ఉంటుంది. అదే రాత్రి ఓడిన సైన్యంలోంచి పారిపోతున్న ఒకడు నీళ్ల గొట్టం పట్టుకుని పైకెక్కి ఆమె పడగ్గదిలో దూరతాడు. వాడు బ్లంట్‌ష్లీ, స్విట్జర్లాండ్ మనిషి, జీతానికి యుద్ధం చేసేవాడు.

ఇక అక్కడి నుంచి చూడాలి! పిస్టల్ చూపించి బెదిరించినవాడు కాసేపటికి అందులో తూటాల్లేవని తనే చెప్పేస్తాడు, ఉన్నా ఏం లాభం, నేను తూటాలకు బదులు చాక్లెట్లు తీసుకెళ్తాను, అవి కూడా ఎప్పుడో అయిపోయాయి అంటాడు. మూడు రోజులు కాల్పుల మధ్య ఉండి వచ్చాడు, రెండు రాత్రులుగా నిద్ర లేదు, ఇప్పుడెవరైనా గట్టిగా కసిరితే ఏడ్చేస్తానని ఏ సిగ్గూ లేకుండా చెబుతాడు. మా ఊళ్లో ఒక కాలేజీ పిల్లలు వార్షికోత్సవంలో ఈ అంకం వేస్తే చూశాను. రైనా ఇచ్చిన డబ్బాలో ఉన్న నాలుగు చాక్లెట్లూ మింగేసి, అడుగున అంటుకున్న పొడిని ఆ కుర్రాడు వేలితో గీకి నోట్లో పెట్టుకున్నాడు, ఒక్క మాట లేదు, హాలంతా గొల్లున నవ్వింది. నా పక్కన కూర్చున్న పెద్దావిడకు ఇంగ్లీషు రాదు, ఆవిడా నవ్వారు, ఆ వెంటనే "పాపం, ఎంత ఆకలి మీదున్నాడో" అన్నారు. ఏ గైడులో దొరుకుతుంది ఇది?

తర్వాత ఆ గుర్రాల దాడి సంగతి. అది ఎంత తెలివితక్కువ పనో, ఎదురుగా మెషీన్ గన్లున్న చోటికి గుర్రాలతో వచ్చి, అవతలివాళ్లకు సరిపడని తూటాలు సరఫరా అవడం వల్ల మాత్రమే ఎలా బతికిపోయారో బ్లంట్‌ష్లీ పూసగుచ్చినట్టు చెబుతాడు. ముందు నడిపిన ఆ వీరుడు రైనాకు కాబోయేవాడని వాడికి తెలియదు. ఆమె ఫోటో తెచ్చి చూపించాక వాడు నవ్వు ఆపుకోలేక పడే అవస్థ ఉందే, మంచి నటుడికి అది పండగే.

మనకు ఉత్తరకుమార ప్రగల్భాలు కొత్త కాదు. ఉత్తరుడు అంతఃపురంలో కోతలు కోసి కౌరవసేనను చూడగానే రథం దిగి పరుగెత్తాడు. షా దగ్గర పరుగెత్తినవాడు కోతలు కొయ్యడు, కోతలు కోసినవాడు పారిపోడు. సెర్జియస్ పిరికివాడు కాదు, ప్రాణాలకు తెగించినవాడే, కానీ ఆ తెగింపుకు తలా తోకా లేదు. పైగా రైనా ముందు మహోన్నత ప్రేమ నటించడం చాలా అలసటగా ఉందని పనిమనిషి లూకా దగ్గర వాపోతాడు, చివరికి ఆమెనే చేసుకుంటాడు. రైనా కూడా అంతే, గొంతు మార్చి గంభీరంగా మాట్లాడుతుంటే బ్లంట్‌ష్లీ మర్యాదగానే, మీరిలా మాట్లాడినప్పుడు ముచ్చటేస్తుంది గానీ ఒక్క ముక్క నమ్మలేను అంటాడు. ఆమెకు కోపం రావాలి కదా, ఎలా కనిపెట్టారు అని అడుగుతుంది! నా మటుకు ప్రేమ మొదలయ్యేది అక్కడే. ఎవరి ముందు నటించనక్కర్లేదో వాళ్లే మనవాళ్లని ఇంత సరదాగా చెప్పిన నాటకం నేను ఇంకోటి చూడలేదు.

ఇది 1894 ఏప్రిల్ 21న లండన్ అవెన్యూ థియేటర్లో మొదటిసారి ఆడింది. చప్పట్ల మధ్య షా స్టేజీ మీదికొస్తే ఎవరో ఒక్కడు బూ అని అరిచాడట, ఆయన వెంటనే, మిత్రమా నేనూ మీతో ఏకీభవిస్తాను, కానీ ఇంతమంది ముందు మనమిద్దరం ఏం చెయ్యగలం అన్నాడని చెబుతారు. దానికి రెండేళ్ల ముందే, 1892లో, మా విజయనగరంలో కన్యాశుల్కం ఆడారు. అది చూసి నవ్వుకున్న ఊరికి ఇది అర్థం కాదని ఎవరూ అనలేరు.

ఖర్చనీ అనుమతులనీ సాకులు చెప్పొద్దు. షా 1950లో పోయారు, మన చట్టం ప్రకారం 2010తో కాపీరైట్ అయిపోయింది, తెలుగు చేసుకున్నా అడిగేవాళ్లు లేరు. మొదటి అంకానికి ఐదుగురు, ఒక మంచం, ఒక కిటికీ, ఒక చాక్లెట్ల డబ్బా ఉంటే చాలు. తెలుగులో ఆడితే మరీ మంచిది, బల్గేరియాను బల్గేరియాలోనే ఉంచి మాటలు మాత్రం మనం మాట్లాడుకునేలా రాసుకోవాలి.

మీకూ ఒక విన్నపం. జిల్లా పేజీల్లో కాలేజీ క్రికెట్ స్కోర్లు వేస్తున్నారు, సంతోషం. పిల్లలు నాటకం వేసినప్పుడు ఫోటో ఒక్కటే కాకుండా రెండు పేరాల సమీక్ష కూడా వెయ్యండి, ఎవరు బాగా చేశారో, ఎవరి మాట వెనక వరుసలకు వినబడలేదో పేరుపేరునా రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయనగరం