గొలుసు గురించి అడగడానికి కాదు

చిరంజీవి బుజ్జికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాలు మామూలే. నానమ్మ రోజూ నీ ఊసే. నువ్వు ఫోన్ ఎత్తడం మానేసి, మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకుంటున్నావు కాబట్టి ఈ ఉత్తరం. దీనికైతే బొటనవేలు పెట్టలేవు కదా.

మొన్న రమణ మామయ్య వాళ్ల కిట్టు షాపుకి వచ్చాడు. 4070 గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్ ఒకటి చూస్తున్నావట, లక్షన్నర దాకా అవుతుందట. మంచిదే, యానిమేషన్ కోర్సు అన్నాక అలాంటిది ఉండాల్సిందే. వాడు ఇంకో మాట కూడా అన్నాడు. అది తర్వాత. పుట్టినరోజు ఫొటోలో నీ మెడ బోసిగా కనిపించింది, మీ అమ్మ ఇంకా చూడలేదు. చున్నీ అడ్డం వచ్చి ఉంటుంది.

సరే, కార్డు సంగతి. మన షాపులో డెస్క్‌టాప్‌లో ఉన్నదీ 4070యే, నువ్వు కొంటానంటున్నదీ 4070యే. పేరు ఒకటేగానీ సరుకు ఒకటి కాదు. తాతయ్య పేరు పెట్టుకున్న వెంకటేశ్వర్లు మనింట్లో ఇద్దరున్నారు, ధాన్యం బస్తా ఎత్తమంటే ఎవర్ని పిలుస్తామో నీకు తెలుసు. కోర్లంటే కార్డులో లెక్కలు చేసే చిన్న చిన్న పనివాళ్లనుకో. డెస్క్‌టాప్ 4070లో 5888 కోర్లు, 12 జీబీ మెమరీ, 200 వాట్ల కరెంటు. ల్యాప్‌టాప్ 4070లో 4608 కోర్లు, 8 జీబీ. వాట్లు కంపెనీ ఇష్టం, 35 నుంచి 115 దాకా ఎంతైనా పెట్టొచ్చు. లోపలి చిప్పే వేరు. దానికంటే పెద్ద కార్డు 4090 అయితే మరీ అన్యాయం. డెస్క్‌టాప్‌లో 16384 కోర్లు, ల్యాప్‌టాప్‌లో 9728. అంటే ల్యాప్‌టాప్ 4090 అని అమ్మేది డెస్క్‌టాప్ 4080లో ఉండే చిప్పే, అదీ సగం కరెంటుతో.

ఒకప్పుడు ల్యాప్‌టాప్ కార్డుకి వెనకాల 'ఎం' అని ఉండేది, 980ఎం అలా. చూడగానే తెలిసిపోయేది. 2016లో 10 సిరీస్ వచ్చినప్పుడు రెండూ దాదాపు సమానం అయ్యాయని ఆ అక్షరం తీసేశారు. 1060 నిజంగానే అలా ఉండేది. తర్వాత తేడా మళ్లీ పెరిగింది, అక్షరం మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు 'ల్యాప్‌టాప్ జీపీయూ' (జీపీయూ అంటే గ్రాఫిక్స్ చిప్పే) అని చిన్నగా రాస్తారు, షాపువాడు ఆ ముక్క మింగేసి చెప్తాడు.

మన సూరిబాబాయ్ ఇలాగే మోసపోయాడు. నీకు చెప్పలేదనుకుంటా. పోయిన వేసవిలో భీమవరంలో పెద్ద పెళ్లి వీడియో ఒప్పుకున్నాడు. ఉదయం ముహూర్తం, సాయంత్రం రిసెప్షన్‌లో ఎల్‌ఈడీ వాల్ మీద ముహూర్తం హైలైట్స్ వేస్తానని మాటిచ్చాడు. "మీ షాపులోది 4070, నాదీ 4070, అక్కడే కూర్చుని మిక్సింగ్ చేసేస్తా అన్నయ్యా" అని ల్యాప్‌టాప్ పట్టుకెళ్లాడు. అది పల్చటి ల్యాప్‌టాప్, చూడ్డానికి పళ్లెంలా ఉంటుంది. స్టేజీ వెనకాల డెకరేషన్ వాళ్ల బల్ల మీద శాటిన్ గుడ్డ పరిచి ఉంటే, తీసెయ్యకుండా దాని మీదే పెట్టాడు. కింద గాలి పీల్చుకునే రంధ్రాలన్నీ మూసుకుపోయాయి. మే నెల, పైన రేకుల షెడ్డు. ఎడిటింగ్ బాగానే అయిందిగానీ ఎక్స్‌పోర్ట్ కొట్టాక ఫ్యాను రొద పెట్టింది, కార్డు వేడెక్కి తన స్పీడు తనే తగ్గించుకుంది. శాతం అంకె కదలదు. ఈలోగా కరెంటు పోయింది. జనరేటర్‌లో డీజిల్ లేదు, తేవడానికి కుర్రాణ్ణి పంపారు. బ్యాటరీ ఉందిలే అని వీడి ధీమా. బ్యాటరీ మీద ఆ కార్డుకి పూర్తి కరెంటు అందదు, మనమే కాళ్లతో తోసినట్టు నడుస్తుంది. పెళ్లికూతురి తండ్రి ఐదు నిమిషాలకోసారి వచ్చి "ఏమయ్యా, అయిందా?" అని. వీడు "అయిపోయిందండీ, అయిపోయిందండీ" అని. చివరికి వీడియో వేసేసరికి హాల్లో మిగిలింది విస్తళ్లు తీసేవాళ్లూ, నిద్రపోతున్న ఓ ముసలాయనా. క్యాటరింగ్ కుర్రాళ్లు మాత్రం చప్పట్లు కొట్టార్ట. బ్యాలెన్స్ డబ్బు ఇప్పటికీ రాలేదు.

అందుకని, కొంటే స్పెసిఫికేషన్లో టీజీపీ అని ఉంటుంది, కార్డుకి ఎంత కరెంటు ఇస్తారో చెప్పే అంకె అది, ఎన్ని వాట్లో అడుగు. చెప్పకపోతే ఆ షాపులోంచి వచ్చెయ్. తక్కువ వాట్లిచ్చిన పల్చటి 4070 కంటే, పూర్తి వాట్లున్న లావుపాటి 4060 నయం కావచ్చు. 4060లో తేడా తక్కువ, డెస్క్‌టాప్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ అవే 3072 కోర్లు, అదే 8 జీబీ. నీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌కి మెమరీ ముఖ్యం. సీను 8 జీబీలో పట్టకపోతే రెండర్, అంటే సీనుని చివరి బొమ్మగా మార్చే పని, నత్తనడక నడుస్తుంది, లేదా మధ్యలో ఆగిపోతుంది. పైగా డెస్క్‌టాప్‌లో రేపు కార్డు ఒక్కటే మార్చుకోవచ్చు, ల్యాప్‌టాప్‌లో బోర్డుకి అతికించేసి ఉంటుంది. హాస్టల్లో డెస్క్‌టాప్ కుదరదంటావు, నిజమే. క్లాసుకి మోసుకెళ్లాలి, అదీ నిజమే.

నా లెక్క ఒకటి చెప్తా, నచ్చితేనే. మోడలింగ్‌కి సరిపోయే 4060 ల్యాప్‌టాప్ కొనుక్కో. పెద్ద రెండర్లు మన షాపు సిస్టమ్‌కి పంపు. రాత్రి షట్టర్ వేశాక అది ఖాళీగానే ఉంటుంది, పొద్దున్నకి చేసి పెడతా. ఫైలు పంపినప్పుడల్లా ఫోన్ చేసి చెప్పాలి మరి, ఏ సెట్టింగ్ పెట్టాలో నాకేం తెలుస్తుంది.

అప్పు చెయ్యడం తప్పని నేననను. షాపు కూడా అప్పుతోనే పెట్టా. కానీ కొన్న మర్నాడే ధర పడిపోయే వస్తువు కోసం బంగారం బయట పెట్టకూడదు. వడ్డీ నెల నెలా పెరుగుతుంది, కార్డు ఏడాది ఏడాదికీ పాతబడుతుంది. కిట్టు మాటలు నేను నమ్మలేదు. వాడు చిన్నప్పటి నుంచీ అంతే. ఒకవేళ నిజమైతే తాకట్టు రసీదు ఫొటో తీసి నాకు ఒక్కడికే పంపు. అమ్మకి చెప్పను. శ్రావణమాసం పేరంటానికి నానమ్మ అడుగుతుంది, ఆలోగా విడిపించేద్దాం. అది నీ గొలుసే, కాదనడం లేదు.

రాత్రి తొమ్మిది దాటాక షాపులో ఒక్కణ్ణే ఉంటా, అప్పుడు చెయ్యి. కందిపొడి, మాగాయ బస్సు పార్సిల్లో వేశాను, ఎల్లుండి తెచ్చుకో. మాగాయ సీసా మూత వదులుగా ఉంది, నిలబెట్టి పట్టుకో. ల్యాప్‌టాప్ వచ్చాక పరుపు మీద పెట్టి పని చెయ్యకు, బల్ల లేకపోతే చెప్పు, కొనడానికి డబ్బు పంపుతా.

మీ నాన్న