మీథేన్ తగ్గించమన్నారు సరే, మా బోదెకు నీటి వంతు ఏ రోజో చెప్పండి

గౌరవనీయులైన రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రిగారికి,

గుంటూరు జిల్లాలో, కృష్ణా పశ్చిమ డెల్టా శివారు ఆయకట్టులో, అంటే కాలువ చివరి పొలాల్లో, కౌలుకు వరి సాగు చేస్తున్న రైతు నమస్కరించి వ్రాయునది. ఇదివరకు మేమిచ్చిన అర్జీలకు రసీదులు తప్ప జవాబులు రాలేదు కనుక ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

వరి మడిలో నిలవ నీటి అడుగున నేలకు గాలి అందక మీథేన్ అనే వాయువు పుడుతుందని, అది వందేళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) కంటే దాదాపు 28 రెట్లు వేడిని పెంచుతుందని, మడిని మధ్యమధ్య ఆరబెడితే అందులో సగం దాకా తగ్గించవచ్చని మీ సిబ్బంది చక్కగానే వివరించారు. మడిలో చిల్లుల గొట్టం పాతించి, అందులో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల దిగువకు చేరగానే మళ్లీ పలుచగా తడి పెట్టమన్నారు. మేము కాదనలేదు. ఆ తడి ఎక్కడి నుంచి తెచ్చి పెట్టాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అయ్యా, మంచి నీరు పడే బోరు ఉన్న రైతు మీట నొక్కితే నీరు వస్తుంది, అతనికి మడి ఆరబెట్టే ధైర్యం ఉంటుంది. మా వైపు బోరు వేస్తే ఉప్పునీరు. కాలువే దిక్కు. ఆ కాలువలో గుర్రపు డెక్క, తూటికాడ అల్లుకుపోయి, పూడిక పేరుకుపోయి, ఎగువ తూములన్నీ తాగగా మిగిలింది మా బోదె, అంటే మా పొలాలకు నీరు తెచ్చే పిల్లకాలువ, దాకా వచ్చేసరికి వంతు ముగిసిపోతుంది. గత సార్వాలో (ఖరీఫ్‌లో) మీ మాట నమ్మి మడి ఆరబెట్టాము. వస్తుందన్న వంతు రాలేదు. నేల నెర్రెలిచ్చింది, ఊద, తుంగ లేచి కలుపు మందు ఖర్చు మీద పడింది. నీరు నిలిపి ఉంచాల్సిన పొట్ట దశలోనే బోదె ఎండిపోతే, మురుగు కాలువకు ఆయిల్ ఇంజన్ పెట్టి రాత్రింబవళ్లు తోడుకున్నాము. మీథేన్ తగ్గిందని మీ నివేదికలో రాసుకునే ఉంటారు. ఆ డీజిల్ పొగను ఎవరి ఖాతాలో వేశారో తెలియజేయ ప్రార్థన. రెండో దఫా యూరియా చల్లిన మడి ఎండుతూ తడుస్తూ ఉంటే నైట్రస్ ఆక్సైడ్ అనే మరో వాయువు పెరుగుతుందని, అది మీథేన్ కంటే ఎన్నో రెట్లు ప్రమాదకరమని మీ శాస్త్రవేత్తలకు మాకంటే బాగా తెలుసు. అంటే వేళకు నీరు రాని చోట ఈ పద్ధతి వల్ల పంటకూ మేలు లేదు, వాతావరణానికీ పూర్తి మేలు లేదు.

చివరకు కంకుల్లో తాలు మిగిలింది. తాలు గింజలు వచ్చాయని కౌలు బస్తాలు తగ్గవు కదా. కార్బన్ క్రెడిట్ల డబ్బు, అంటే ఇలా వాయువులు తగ్గించినందుకు ఇచ్చే సొమ్ము, వస్తుందని కాగితాలు పట్టుకుని వచ్చినవారు సైతం భూ యజమాని సంతకమే అడిగారు, మడిలో దిగి గొట్టం చూసుకునే కౌలు రైతును అడగలేదు. సాగులో వృద్ధి అని వేదికల మీద వినిపిస్తున్న లెక్కలో మా దిగుబడి ఏ గడిలో ఉందో కూడా మాకు అర్థం కావడం లేదు.

నీటి పారుదల మా శాఖ కాదని తమరు సెలవిస్తారేమో. మడిలో నీరు తీసేయమని చెప్పింది ఏ శాఖో ఆ శాఖే, తిరిగి నీరు పెట్టే పూచీ కూడా తీసుకోవాలి. నారు పోయకముందే శివారు దాకా పూడిక తీయించండి. ప్రతి బోదెకూ వంతు తేదీలు రాతపూర్వకంగా ప్రకటించండి, ప్రకటించిన తేదీన నీరు వదిలించండి. వంతు తప్పి పంట పోతే నష్టపరిహారం కౌలు రైతు పేరునే ఇప్పించండి. తేదీలు, అయ్యా, ముందు ఆ తేదీలు ఇప్పించండి. అవి చేతికి వచ్చేదాకా దొరికిన నీటిని గట్టు తెగకుండా మడిలోనే నిలుపుకుంటాము. అందుకు మమ్మల్ని వాతావరణానికి శత్రువులుగా సభల్లో చూపవద్దని మనవి.

ఇట్లు,
శివారు ఆయకట్టు కౌలు రైతు,
గుంటూరు జిల్లా