ఇంగ్లీషు క్లాసును బ్యాచ్‌లుగా విడగొట్టండి

సంపాదకుడు గారికి నమస్కారం.

డిగ్రీ పూర్తిచేసిన పిల్లలకు నాలుగు ముక్కలు ఇంగ్లీషు మాట్లాడటం రావడం లేదని ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు, తప్పంతా పిల్లలదో మాలాంటి అధ్యాపకులదో అన్నట్టు. వాళ్లు కూర్చునే గది ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ రాయరు. ఆ గదుల్లోనే పాఠం చెప్పేవాణ్ని కాబట్టి నేను రాస్తున్నాను.

మా కాలేజీలో బీఏ, బీకాం, బీఎస్సీ పిల్లలందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి ఇంగ్లీషు కంబైన్డ్ క్లాసు పెడతారు. వంద మందికి పైనే ఉంటారు. బెంచీలు వరసగా బిగించేసి ఉంటాయి, ఎవరు ఎవరి వైపు తిరిగి మాట్లాడాలన్నా కుదరదు, ఫ్యాన్ల చప్పుడుకి వెనక వరసల వాళ్లకు నా మాటే సరిగా వినపడదు. హాజరు తీసుకునేసరికే చాలా సమయం పోతుంది. ఆ హాజరప్పుడు పలికే ‘ప్రెజెంట్ సార్’ తప్ప ఆ గంటలో మరో ఇంగ్లీషు మాట నోట రాని పిల్లలే ఎక్కువ.

ఈమధ్య ఒక అమ్మాయిని లేపి సెలవుల్లో ఏం చేశావో చెప్పమన్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్ల. ‘ఐ గోయింగ్ టు మై గ్రాండ్‌మదర్ హౌస్’ అనగానే వెనక నుంచి గొల్లున నవ్వులు. కూర్చుండిపోయింది. అప్పటినుంచి నేను అటు చూస్తే చాలు, తల వంచి నోట్సు రాసుకుంటున్నట్టు ఉంటుంది. అదే పిల్ల వరండాలో స్నేహితురాళ్లతో తెలుగులో మాట్లాడుతుంటే ఎంత చక్కగా, ఎంత ధైర్యంగా మాట్లాడుతుందో! భయం, టెన్షన్ ఉన్నచోట భాష చెవిన పడినా ఒంటబట్టదని అమెరికా భాషా శాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్ 1980ల్లోనే చెప్పారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే చేస్తామన్నారు. మీడియం మారింది, గది మారలేదు. ఇంగ్లీషు రాకపోతే ఇప్పుడు ఎకనామిక్స్ కూడా అర్థం కాదు. లాంగ్వేజ్ ల్యాబ్ ఉంది కదా అంటారు. మా ల్యాబుకి ఎక్కువ రోజులు తాళమే. తెరిచినా హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా వినడమే, పక్క మనిషితో మాట్లాడే భయం దానివల్ల పోదు.

సంక్రాంతి సెలవులకు ముందు క్లాసుకి ఓ పాతికముప్పై మందే వస్తారు. అందరినీ ముందు బెంచీల్లోకి పిలిచి కబుర్లలోకి దించితే, ఏడాదంతా నోరు విప్పని పిల్లలు కూడా తప్పో ఒప్పో మాట్లాడతారు, ఎవరూ నవ్వరు.

కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కి పిల్లల్ని బ్యాచ్‌లు చేస్తారు, వంద మందిని ఒకేసారి ల్యాబులోకి తోలరు. మాట్లాడటం మాత్రం ప్రాక్టికల్ కాదా? వారానికి రెండు గంటలైనా ముప్పై మంది చొప్పున, జరుపుకోగలిగిన కుర్చీలున్న గదిలో ఇంగ్లీషు క్లాసు పెట్టాలి. అందుకు మనుషులు చాలకపోతే గెస్ట్ ఫ్యాకల్టీని తీసుకోవాలి. కళాశాల విద్యాశాఖ అధికారులు వచ్చే సెమిస్టర్ టైమ్‌టేబుళ్లు వేసేలోపే ఈ పని చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక డిగ్రీ కాలేజీ ఇంగ్లీషు అధ్యాపకుడు